సౌత్ సిడ్నీ రాబిటోస్‌ని లీగ్ నుంచి ఎందుకు గెంటేశారు? కేసు ఓడిపోయి కూడా ఎలా ఆడుతున్నారు?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ ఆఫీసులో సౌత్స్ (సౌత్ సిడ్నీ రాబిటోస్ రగ్బీ జట్టుని అందరూ పిలిచే పేరు) అభిమాని ఒకాయన "మమ్మల్ని లీగ్ నుంచి గెంటేశారు, కోర్టుకెళ్ళి తిరిగొచ్చాం" అని గొప్పగా చెప్పాడు. నువ్వు ఇంటికొచ్చి వెతికితే హైకోర్టులో సౌత్స్ ఓడిపోయినట్టు కనపడింది. ఓడిపోయిన క్లబ్బు ఇప్పటికీ ఎలా ఆడుతోంది, ఆయన కోతలు కోస్తున్నాడా అని నీ అనుమానం.

కోతలేం కాదు. ఆయన చెప్పిందీ నిజమే, నువ్వు చూసిందీ నిజమే. నేను సిడ్నీలో ఇరవై ఏళ్ళ పైగా ఉంటున్నాను, అందులో చాలా ఏళ్ళు ఈ క్లబ్బుకి చందా కట్టిన మెంబర్ని. కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా. మొదట్నించీ చెప్తే తప్ప గెంటేయడం ఎందుకంత గొడవైందో తెలియదు. టీ పెట్టుకుని కూర్చో.

ఆట గురించి రెండు ముక్కలు. రగ్బీలో రెండు రకాలు: యూనియన్, లీగ్. మనం మాట్లాడేది లీగ్ గురించి. జట్టుకి 13 మంది. బంతి పట్టుకున్నవాడిని ఎదుటి జట్టు ఆరుసార్లు పట్టి పడేస్తే బంతి వాళ్ళకి ఇచ్చేయాలి. కబడ్డీ చూసి పెరిగినవాళ్ళకి ఈ ఆట తొందరగా ఎక్కుతుంది. ఒక్కడు దూసుకొస్తాడు, ముగ్గురు పట్టు పడతారు, వాడు గీత దాటాలని గింజుకుంటాడు. కూత ఒక్కటే తక్కువ.

ఈ లీగ్ పుట్టిందే కూలి డబ్బుల దగ్గర. అప్పటి రగ్బీ పెద్దలు ఆటకి డబ్బు తీసుకోవడం తప్పు అనేవాళ్ళు. డాక్టర్లకీ లాయర్లకీ అది బాగానే ఉంటుంది. రైల్వే వర్క్‌షాప్‌లోనో రేవులోనో పనిచేసేవాడికి శనివారం చెయ్యి విరిగితే సోమవారం నుంచి ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఇంగ్లండ్ ఉత్తరాన 1895లో క్లబ్బులు విడిపోయాయి, పన్నెండేళ్ళ తర్వాత ఆ గాలి సిడ్నీకీ వచ్చింది. 1908 జనవరి 17న రెడ్‌ఫెర్న్ టౌన్‌హాల్‌లో మీటింగ్ పెట్టి సౌత్ సిడ్నీ క్లబ్బు మొదలుపెట్టారు. రెడ్‌ఫెర్న్, వాటర్లూ, అలెగ్జాండ్రియా, బాటనీ అన్నీ అప్పట్లో ఫ్యాక్టరీలు, తోళ్ళ కార్ఖానాలు, ఇరుకు ఇళ్ళు ఉన్న పేటలు. నువ్వు విమానం దిగిన మాస్కాట్ కూడా సౌత్స్ ఇలాకాయే. అంటే ఆస్ట్రేలియాలో నువ్వు మొదట కాలు పెట్టింది కుందేళ్ళ రాజ్యంలోనే.

కుందేళ్ళు ఎందుకంటే, "రాబిటో" అంటే కుందేళ్ళు అమ్మేవాడు. మన వీధుల్లో "చేపలోయ్ చేపలు" అని అరిచినట్టే ఇక్కడ పేదల పేటల్లో "రాబిట్... ఓ!" అని అరుస్తూ తిరిగేవాళ్ళు. గొర్రె మాంసం కొనలేని ఇళ్ళకి కుందేలు దిక్కు. గుమ్మం ముందే తోలు ఒలిచి ఇచ్చేవాళ్ళు. సౌత్స్ ఆటగాళ్ళలో కొందరు శనివారం పొద్దున ఇలా అమ్ముకుని మధ్యాహ్నం ఆటకి వచ్చేవాళ్ళనీ, ఆ నెత్తుటి మరకలు చూసి ఎదుటి జట్లవాళ్ళు వెక్కిరించేవాళ్ళనీ చెప్పుకుంటారు. ఈ పేరు పుట్టుక గురించి వేరే కథలూ ఉన్నాయి గానీ అందరికీ నచ్చేది ఇదే. వెక్కిరింపుని వీళ్ళు బిరుదు చేసుకుని చొక్కా మీద కుందేలు బొమ్మ కుట్టుకున్నారు.

మొదటి ఏడాదే, 1908లో, ఫైనల్లో ఈస్టర్న్ సబర్బ్స్‌ని 14–12తో ఓడించి టైటిల్ కొట్టారు. ఆ ఈస్టర్న్ సబర్బ్సే ఇప్పటి రూస్టర్స్. ఈ రెండు జట్లకీ పడకపోవడం అప్పట్నించీ ఉంది. 1909 ఫైనల్ ఇంకా తమాషా. ఫైనల్‌ని వేరే మ్యాచ్‌కి ముందు ఆడే చిల్లర ఆటగా పెట్టారని బాల్మెయిన్ జట్టు అలిగి మైదానంలోకి రాలేదు. సౌత్స్ వచ్చారు, ఎదురుగా ఎవరూ లేకపోయినా బంతి తన్నారు, తీసుకెళ్ళి గీత అవతల పెట్టారు, కప్పు పట్టుకుపోయారు. రెండు జట్లూ రాకూడదని మాట్లాడుకున్నాయని, సౌత్స్ మాట తప్పిందని బాల్మెయిన్ వాళ్ళు వంద సంవత్సరాల తర్వాత కూడా సణుగుతూనే ఉన్నారు. మా క్లబ్బే అయినా, ఈ విషయంలో నేను గట్టిగా వాదించను.

ఆ తర్వాత బంగారు కాలం. 1925 నుంచి 1932 దాకా ఎనిమిదేళ్ళలో ఏడు టైటిళ్ళు. 1925లో అయితే ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1950లలో ఇంకో ఐదు. అప్పటి హీరో క్లైవ్ చర్చిల్, చిన్న మనిషి, ఫుల్‌బ్యాక్, అంటే అందరి వెనక నిలబడి గీత కాసేవాడు. 1955లో మ్యాన్లీ జట్టుతో ఆడుతుంటే చెయ్యి విరిగింది. అట్టముక్క కట్టి కట్టు వేసుకుని ఆట కొనసాగించాడు, చివర్లో మైదానం పక్క గీత దగ్గర్నుంచి గోల్ తన్ని మ్యాచ్ గెలిపించాడు. ఆ సీజన్‌లో పట్టికలో బాగా కింద నుంచి లేచి వరసగా 11 మ్యాచ్‌లు గెలిచి కప్పు కొట్టారు. ఈ చర్చిల్ పేరు గుర్తుపెట్టుకో, చివర్లో మళ్ళీ వస్తుంది.

1967, 68, 70, 71 టైటిళ్ళు ఆ చర్చిల్ కోచ్‌గా ఉండగా వచ్చినవే. 1970 ఫైనల్ గురించి చెప్పని సౌత్స్ అభిమానిని నేను ఇంతవరకు చూడలేదు. ఎదురుగా మళ్ళీ మ్యాన్లీ. ఆట మొదలైన కాసేపటికే కెప్టెన్ జాన్ సాట్లర్‌కి దవడ మీద ఒక గుద్దు పడింది. ఎముక విరిగింది. పక్కనున్న మైక్ క్లియరీతో అతను అన్నమాట ఇది: "నన్ను పట్టుకుని నిలబెట్టు, దెబ్బ తగిలిందని వాళ్ళకి తెలియకూడదు." ఆట పూర్తయ్యేదాకా ఆడాడు. 23–12తో గెలిచాక కప్పు అందుకుని, ఆ విరిగిన దవడతోనే నాలుగు మాటలు మాట్లాడి, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాడు. ఇది మంచి పనా అంటే కాదనే అంటాను, ఈ రోజుల్లో డాక్టర్ బయటికి లాక్కొచ్చేస్తాడు. కానీ ఈ పేటల వాళ్ళు తమని తాము ఎలా చూసుకుంటారో తెలియాలంటే సాట్లర్ దవడ కథ వింటే చాలు.

1971తో కలిపి 20 టైటిళ్ళు. అక్కడ ఆగిపోయింది.

కారణం ఆటలో లేదు, జేబులో ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో 1956 నుంచి క్లబ్బుల్లో పోకర్ మెషీన్లు చట్టబద్ధం చేశారు. కాయిన్ వేసి బటన్ నొక్కే ఆ జూదం మెషీన్ల ఆదాయమే ఫుట్‌బాల్ జట్లకి రక్తం అయింది. డబ్బున్న పేటల క్లబ్బులు ఆ ఆదాయంతో ఆటగాళ్ళని కొనడం మొదలుపెట్టాయి. 1971 టైటిల్ గెలిచీ గెలవగానే రాన్ కూట్ రూస్టర్స్‌కి, జాన్ ఓనీల్, రే బ్రానిగన్ మ్యాన్లీకి వెళ్ళిపోయారు. 1972, 73 టైటిళ్ళు మ్యాన్లీకి, 74, 75 టైటిళ్ళు రూస్టర్స్‌కి పోయాయి. ఎందుకో ఇంక చెప్పక్కర్లేదు కదా. పైగా రెడ్‌ఫెర్న్ చుట్టూ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, అభిమానుల కుటుంబాలు దూరపు శివార్లకి తరలిపోయాయి. 1989లో లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచి, ఫైనల్స్‌లో చేతులెత్తేశారు. ఆ మరుసటి ఏడాదే అట్టడుగున పడ్డారు. 90లంతా అప్పులు, ఓటములు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1995లో టీవీ హక్కుల కోసం యుద్ధం మొదలైంది. ఒకపక్క పత్రికల, టీవీల అధిపతి రూపర్ట్ మర్డోక్ కంపెనీ న్యూస్ లిమిటెడ్, "సూపర్ లీగ్" అనే వేరు కుంపటి పెట్టింది. ఇంకోపక్క పాత లీగ్, దాని వెనక ఇంకో టీవీ అధిపతి కెర్రీ పాకర్. ఆటగాళ్ళకి ఊహించని డబ్బు కుమ్మరించారు. 1997లో రెండు వేర్వేరు పోటీలు జరిగాయి, జనం విసిగి స్టేడియంకి రావడం తగ్గించారు. చివరికి ఆ డిసెంబర్‌లో రాజీ పడి ఉమ్మడిగా ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్) పెట్టారు. 1998లో 20 జట్లు. ఇన్ని జట్లని పోషించడం కుదరదు కాబట్టి 2000 నాటికి 14కి తగ్గించాలని ఒప్పందంలోనే రాసుకున్నారు.

ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి? దానికో మార్కుల పద్ధతి పెట్టారు. ప్రేక్షకులు ఎంతమంది వస్తున్నారు, గేటు వసూళ్ళు ఎంత, స్పాన్సర్లు ఎంత ఇస్తున్నారు, లాభమా నష్టమా, పాయింట్ల పట్టికలో ఎక్కడున్నారు, ఇలా. ఇంకో దారి కూడా చూపించారు: పక్క క్లబ్బుతో విలీనమైతే సీటు గ్యారంటీ. సెయింట్ జార్జ్, ఇల్లవారా కలిసిపోయాయి. బాల్మెయిన్, వెస్టర్న్ సబర్బ్స్ కలిసి వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. నార్త్ సిడ్నీ, మ్యాన్లీ అయిష్టంగా కాపురం పెట్టి మూడేళ్ళలో విడిపోయాయి, పాపం నార్త్ సిడ్నీ రోడ్డున పడింది.

సౌత్స్ ఛైర్మన్ జార్జ్ పిగ్గిన్స్. ఈయన ఒకప్పుడు సౌత్స్ తరఫున ముందు వరసలో తలలు ఢీకొట్టిన ఆటగాడు, తర్వాత కోచ్. విలీనం మాటెత్తితే ససేమిరా అన్నాడు. లెక్క ప్రకారం చూస్తే సౌత్స్‌కి మార్కులు రావు, ఆ సంగతి అందరికీ తెలుసు. నిజం చెప్పాలంటే క్లబ్బుని చాలా ఏళ్ళు బాగా నడపలేదు కూడా. అభిమానులు ఇప్పుడు మొత్తం తప్పు మర్డోక్ మీదికి నెట్టేస్తారు గానీ, అప్పుల పుస్తకం రాసింది మర్డోక్ కాదు.

1999 అక్టోబర్ 10న, నిర్ణయం రావడానికి కొద్ది రోజుల ముందు, రెడ్‌ఫెర్న్ నుంచి సిడ్నీ టౌన్‌హాల్‌కి ఊరేగింపు తీశారు. దాదాపు 40,000 మంది వచ్చారు. మ్యాచ్‌లకి మాత్రం అంతమంది వచ్చేవాళ్ళు కాదు, అదీ నిజమే. అక్టోబర్ 15న సౌత్స్‌కి చోటు లేదని తేల్చేశారు. మొదటి రోజు నుంచీ ఉన్న క్లబ్బు, అందరికంటే ఎక్కువ టైటిళ్ళు గెలిచిన క్లబ్బు. 2000, 2001 సీజన్లలో సౌత్స్ లేదు.

సౌత్స్ కోర్టుకెళ్ళింది. కేసు ఏమిటంటే: పోటీదారులైన రెండు పక్షాలు కూడబలుక్కుని ఒక వర్గానికి సేవ అందకుండా చేయడం అప్పటి ట్రేడ్ ప్రాక్టీసెస్ చట్టం ప్రకారం నిషేధం. పాత లీగ్, న్యూస్ లిమిటెడ్ ఒకప్పుడు పోటీదారులే కదా, వాళ్ళిద్దరూ "14 జట్లే" అని రాసుకోవడం ఆ నిషేధం కిందికి వస్తుందని సౌత్స్ వాదన. 2000 నవంబర్ 3న ఫెడరల్ కోర్టు జడ్జి ఫిన్ ఆ వాదన కొట్టేశాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. తొమ్మిది రోజుల తర్వాత, నవంబర్ 12న, మళ్ళీ ఊరేగింపు తీస్తే ఈసారి 80,000 మంది వచ్చారు. ఓడిపోయాక రెట్టింపు జనం. ఈ ఊరి తత్వం నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

నేను ఆ రోజుల్లో స్టూడెంట్‌ని. రాత్రిళ్ళు అలెగ్జాండ్రియాలో ఒక గోడౌన్‌లో డబ్బాలు ఎత్తేవాడిని. నాతో ఒక పెద్దాయన ఉండేవాడు, అరవై దాటినవాడు, సౌత్స్ రంగులైన ఎరుపు ఆకుపచ్చ ఊలు టోపీ ఎండాకాలంలో కూడా తీసేవాడు కాదు. నాకు ఆట తెలియదు, ఆయనకి క్రికెట్ అంటే చిరాకు, అందుకని ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. 2001 జులై 6, శుక్రవారం. అప్పీలులో, ఫుల్ ఫెడరల్ కోర్టులో ముగ్గురు జడ్జిలు ఇద్దరు-ఒకరుగా చీలి సౌత్స్ పక్షాన తీర్పు ఇచ్చారు. ఆ రాత్రి నేను డ్యూటీకి వెళ్ళేసరికి పెద్దాయన ఫోర్క్‌లిఫ్ట్ పక్కన డబ్బా మీద కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆయన బట్టతల నేను చూడటం అదే మొదటిసారి. ఏడుస్తున్నాడు. ఎవరో పోయారనుకున్నా. "ఎవరూ పోలేదు," అన్నాడు, "అదే సంగతి." ఆ వారం నుంచి బ్రేక్‌లో నాకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. పేకముక్కలు పేర్చి జట్లు చూపించేవాడు.

2002లో సౌత్స్ తిరిగి వచ్చారు, లీగ్ 15 జట్లతో నడిచింది. మొదటి మ్యాచ్ రూస్టర్స్‌తోనే. చిత్తుగా ఓడారు. అయినా ఎవరికీ పెద్దగా బాధ అనిపించలేదు.

ఇక నువ్వు చూసిన తీర్పు. న్యూస్ లిమిటెడ్ అప్పీలుకి వెళ్ళింది. ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది, దాని పైన ఇంకేమీ లేదు, అది గుర్తుంచుకో. 2003 ఆగస్టు 13న హైకోర్టు 4–1తో న్యూస్ లిమిటెడ్ పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ "14 జట్ల" షరతు ఉద్దేశం సౌత్స్ లాంటి క్లబ్బులని వెలివేయడం కాదనీ, అది నిషేధం కిందికి రాదనీ తేల్చింది. ఒక్క కిర్బీ అనే జడ్జి మాత్రం ఒప్పుకోలేదు. అంటే చట్టం ప్రకారం, 1999లో సౌత్స్‌ని తీసేయడం తప్పు కాదు!

కానీ అప్పటికి సౌత్స్ తిరిగొచ్చి రెండో సీజన్ ఆడుతోంది. మళ్ళీ తీసేయాలంటే మళ్ళీ ఆ వేల మంది మీదికి వెళ్ళాలి, ఆ తలనొప్పి ఎవరూ కోరుకోలేదు. లీగ్‌లో ఉంచేశారు. ఓడిన తీర్పుకంటే గెలిచిన తీర్పు రెండేళ్ళు ముందు రావడం వీళ్ళ అదృష్టం. వరస తిరగబడి ఉంటే ఈ రోజు నీ ఆఫీసాయన జట్టు మ్యూజియంలో ఉండేది.

ఆ తర్వాత జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తిరిగొచ్చిన జట్టు ఘోరంగా ఆడింది. 2003, 2004, 2006 మూడు సీజన్లలోనూ ఆఖరి స్థానం. డబ్బు లేదు. అప్పుడు సినిమా నటుడు రసెల్ క్రో, వ్యాపారి పీటర్ హోమ్స్ ఎ కోర్ట్ ముందుకొచ్చారు. 30 లక్షల డాలర్లకి క్లబ్బులో 75 శాతం వాటా అడిగారు, 25 శాతం మెంబర్ల చేతిలో ఉంటుంది. క్రో కొత్తవాడేమీ కాదు, చిన్నప్పటి నుంచి అభిమాని. కేసు ఖర్చుల కోసం 1999లో పెట్టిన వేలంలో, 1908 తొలి మ్యాచ్‌కి మోగించిన ఇత్తడి గంటని 42,000 డాలర్లకి కొన్నాడు. 2006 మార్చిలో మెంబర్ల ఓటింగ్ పెట్టారు. నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి, అంతకంటే కొంచెమే ఎక్కువ వచ్చాయి. గట్టిగా వ్యతిరేకించింది ఎవరనుకున్నావు? జార్జ్ పిగ్గిన్స్. మెంబర్ల క్లబ్బుని కాపాడటానికి కోర్టులు తిరిగినవాడు, మెంబర్లే దాన్ని అమ్మడం చూశాడు. గోడౌన్ పెద్దాయన కూడా వద్దనే ఓటు వేశాడు. తర్వాతి సీజన్‌కి మాత్రం టికెట్ కొన్నాడు.

నా అభిప్రాయం అడిగితే, ఆ రోజు అమ్మకపోతే జట్టు మిగిలేది కాదు. అమ్మాక అది వేరే క్లబ్బు అయిపోయిందని పిగ్గిన్స్ అనడంలోనూ న్యాయం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని బతకడమే.

ఫలితం తొందరగానే కనపడింది. 1989 తర్వాత మొదటిసారి 2007లో ఫైనల్స్‌కి చేరారు. గ్రెగ్ ఇంగ్లిస్ వచ్చాడు, ఇంగ్లండ్ నుంచి సామ్ బర్జెస్, వెనకే అతని ముగ్గురు అన్నదమ్ములు వచ్చారు. 2014 అక్టోబర్ 5న గ్రాండ్ ఫైనల్, ఎదురుగా కాంటర్‌బరీ బుల్‌డాగ్స్, 83,833 మంది జనం. మొదటి ఢీలోనే సామ్ బర్జెస్ చెంప ఎముక విరిగింది. ముఖం ఒకపక్క వాచిపోయి, కన్ను మూసుకుపోతున్నా 80 నిమిషాలూ ఆడాడు. నా వెనక వరసలో ఎవరో "సాట్లర్... సాట్లర్..." అని గొణగడం మొదలుపెట్టారు. 30–6తో గెలిచారు, 43 ఏళ్ళ తర్వాత 21వ టైటిల్. ఫైనల్లో ఉత్తమ ఆటగాడిగా మెడల్ బర్జెస్‌కే ఇచ్చారు. ఆ మెడల్ పేరు క్లైవ్ చర్చిల్ మెడల్. అట్టముక్క కట్టుకుని ఆడిన ఆ చర్చిలే.

ఆ తర్వాత కప్పు రాలేదు. 2021 ఫైనల్లో పెన్రిత్ చేతిలో 14–12తో పోయింది, దాని గురించి రాయబుద్ధి కావట్లేదు.

నువ్వు వెంట్‌వర్త్‌విల్‌లో ఉంటున్నానన్నావు కాబట్టి ఒక హెచ్చరిక. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఆ వైపంతా పారమాటా ఈల్స్ ఇలాకా, నీలం పసుపు రంగులు. ఎరుపు ఆకుపచ్చ వేసుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్తే రెండు మాటలు పడతాయి, నవ్వుతూ వదిలెయ్యి. ఆట చూడాలని ఉంటే గుడ్ ఫ్రైడే రోజు సౌత్స్, బుల్‌డాగ్స్ మ్యాచ్‌కి ఒలింపిక్ పార్క్ స్టేడియంకి వెళ్ళు, మీ ఇంటి నుంచి దగ్గరే. ఇక మీ ఆఫీసాయనకి ఆ 4–1 తీర్పు గురించి చెప్పి తీరాలనిపిస్తే, సౌత్స్ గెలిచిన వారాంతం తర్వాత వచ్చే సోమవారం దాకా ఆగు.